సర్కారువారు ఊరకుందురా?



నలుగురు స్త్రీలు గూడి సొమ్ము సంగతి మాటలాడుకొనునపుడు తఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు. ఎవరో యొకామె క్రొత్తగా వెలసిన కంపెనీని గూర్చి, అందు దాచిన సొమ్మునకు నూటికింత చొప్పున నెలనెలా తప్పక వచ్చుచున్నదని చెప్పును. వేఱొకామె సందేహించును. అంతట మొదటి యామె, "అందులో మోసమే యున్నచో సర్కారువారు ఊరకుందురా, వదినా? వారు వచ్చి లెక్కలన్నియు చూచి పోయిరట!" అనును. దానితో సందేహించినామె నోరు మూతపడును. ఈ మాట నేను పేరంటములందు వింటిని, గుడి మండపమున వింటిని, బడిపంతుళ్ళ యిండ్లలో ఉద్యోగవిరమణదినము సమీపించినపుడెల్ల వింటిని. పంతులుగారి కేకమొత్తముగ చేతికి వచ్చు సొమ్ము జన్మమున కొక్కమాఱే వచ్చును గదా! దాని నెచ్చట నుంచవలెనను చర్చలో ఈ మాటయే తుదితీర్పగుచుండుట చూచి నా మనసు కలుక్కుమనును.

కావున నీ నెల ఆ మాటనే కొంచెము నిదానించి చూడదలచితిని. మన యగ్రిగోల్డు సంగతి మీ అందఱికిని తెలిసినదే. దానిని మరల చెప్పి గాయము రేపను. నేను చెప్పబోవునది అమెరికా దేశమున న్యూయార్కు నగరమున జరిగినది. అంత దూరమేల పోవలెనందురేమో. కారణము కలదు. అచ్చట మోసము బయటపడిన పిమ్మట, అధికారులు దాని నేల పట్టలేకపోయిరో వారి శాఖలోని తనిఖీ యధికారియే విచారించి, 2009వ సంవత్సరమున 477 పుటల నివేదికను వ్రాసెను. ఎవరు ఎప్పుడు ఏ కాగితమును చూచిరో, దేనిని చూడక విడిచిరో అందు పూసగ్రుచ్చినట్లు చెప్పబడినది. తమ యింటి మురికిని తామే వీధిలో నుతికిన యిట్టి పత్రము ఏ దేశమునందైనను అరుదు.

1929లో షేర్ల వెలలు కూలి లక్షలకొలది కుటుంబములు చితికిపోయిన తరువాత, ప్రజల సొమ్మును కాపాడుటకై అమెరికా ప్రభుత్వమువారు 1934లో ఒక సంస్థను నెలకొల్పిరి. దాని పేరు సెక్యూరిటీస్ అండ్ ఎక్స్చేంజి కమిషను. మనకు సెబీ యెట్టిదో వారి కది యట్టిది. ఇకమీద దానిని కమిషను అని మాత్రమే వ్రాసెదను.

బెర్నార్డు మేడాఫ్ అనునతడు 1960లో కొద్ది మొత్తముతో షేర్ల వ్యాపార మారంభించి క్రమముగా పెద్దవాడయ్యెను. యంత్రముల సాయమున షేర్లు కొనుట అమ్ముట యచ్చట వ్యాపించుటలో నతనికి పాలు కలదు. నాస్‌డాక్ అను షేర్ల విపణికి అధ్యక్షుడుగ నుండెను. కమిషనువారు కూర్చిన సలహాసంఘములోను అతడు కూర్చుండెను. ఆ వ్యాపారము నిజమైనదే. కాని యదే భవనమున పదునేడవ యంతస్తులో మఱియొక వ్యాపారము చాటుగా నడచుచుండెను. అచ్చట నతడు జనుల సొమ్ము పుచ్చుకొని, దానితో షేర్లు కొని పెంచి యిచ్చెదనని చెప్పి, కనీసము పదుమూడేండ్లు ఒక్క షేరైనను వారి కొఱకు కొనలేదు. వచ్చిన సొమ్ము బ్యాంకులోని యొక ఖాతాలో పడుచుండెను. ఎవరైన తమ సొమ్మడిగినచో, క్రొత్తగా వచ్చినవారు తెచ్చినదానినుండి తీసి యిచ్చుచుండెను.

ఈ విద్యకు పోంజీ యని పేరు. 1920లో బోస్టను నగరమున చార్లెసు పోంజీ యనునతడు దీనితో ఊరినంతను ముంచినందున ఆ పేరు నిలిచినది. అతనికి నలువదేండ్లు ముందే, ఆ బోస్టనులోనే, సారా హౌ అను నామె స్త్రీల కొఱకని యొక బ్యాంకు తెఱచి, మగదిక్కు లేని యాడవారి సొమ్మునే పుచ్చుకొనెదనని చెప్పి, నెలకు నూటికి ఎనిమిది యిచ్చెదనని నమ్మించి, 1880లో చిక్కి చెఱసాలకు పోయెను. స్త్రీ నడుపుచున్నది గనుక మోసముండదని యనుకొనువారు ఈమెను జ్ఞప్తియందుంచుకొందురు గాక!

మేడాఫ్ వీరివంటివాడు గాడు. ఏడాదిలో రెండింతలు చేసి యిచ్చెదమనువాని మాటకు మనము జంకుదుము. అతడట్లనలేదు. నెలకు నూటికించుమించుగ ఒకటి వచ్చునట్లు లెక్క చూపుచుండెను. షేర్ల వెలలు మిన్నంటిన యేడును అంతే, నేలబడిన యేడును అంతే. నష్టము వచ్చిన నెలలను వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. ఆశపోతులు గాక జాగ్రత్తపరులు, పొదుపరులు చిక్కుటకు తగిన యెర యిదియే. పైగా అడిగినవారందఱి సొమ్మును అతడు పుచ్చుకొనెడివాడు గాడు. కొందఱిని కాదని పంపుచుండెను. చీరల వర్తకుడు ఒక చీరను మడిచి లోపల పెట్టుచు "ఇది వేఱువారి కొఱకు తెచ్చినదమ్మా" అన్నచో మన కన్నులు దానిమీదనే యుండును గదా. న్యూయార్కు ధనికుల కన్నులును మన కన్నులవంటివే.

అతడు ఖాతాదారులకు పంపు లెక్కలు చూచినవారికి సందేహమునకు తావుండదు. ఫలానా దినమున ఫలానా కంపెనీ షేర్లు ఇన్ని, ఇంతకు కొంటిమి, ఇంతకమ్మితిమి అని చక్కగా అచ్చుపడి యుండును. ఆ వెలలు నిజమైనవే, ఆ దినములు నిజమైనవే. కొనుట యమ్ముట మాత్రము లేదు. జరిగిపోయిన దినముల వెలలు చూచి, ఏది తక్కువ వెల యున్నప్పుడు కొన్నట్లును, ఏది యెక్కువయైనపుడమ్మినట్లును అతని గుమాస్తాలు తీరికగా వ్రాయుచుండిరి. పరీక్ష ముగిసిన పిమ్మట ప్రశ్నలు చూచి జవాబులు వ్రాసి, కాగితముపై పాత తేదీ వేయు విద్యార్థికి నూటికి నూఱు వచ్చుటలో వింత యేమి? మా యింట నీ ముచ్చట చెప్పగా పంతులుగారు నవ్వి, "అట్టి కుఱ్ఱవానిని పట్టుటకు జవాబులు దిద్దరాదు, ఆ దినము పరీక్షాగదిలో నుండెనా యని హాజరుపట్టీ చూడవలె" ననిరి. ఈ మాటను మనసున నుంచుకొనుడు. కమిషనువారి కథ యంతయు ఆ హాజరుపట్టీ చూడకపోవుటయే.

మొదటి యవకాశము 1992లో వచ్చినది. ఆవెల్లీనో, బీనెస్ అను నిద్దఱు గణకులు 3,200 మంది యొద్ద 44 కోట్ల 10 లక్షల డాలర్లు కూడబెట్టి, కమిషనువారియొద్ద నమోదు చేయింపకయే వ్యవహారము నడుపుచుండిరి. ఇది పోంజీవారి పద్ధతియేమోయని కమిషనువారికి సందేహము కలిగినది. విచారింపగా సొమ్మంతయు మేడాఫ్ చేతిలో నున్నదని తేలినది. తిరిగి యిచ్చివేయవలెననిరి. అతడిచ్చివేసెను. అడిగిన సొమ్ము పూర్తిగా వచ్చినది గాన వ్యవహారము ముగిసినదని కట్ట కట్టిరి. అంత సొమ్ము నతడెచ్చటనుండి తెచ్చెనని యెవరును విచారింపలేదు. పొరుగింటి బియ్యము తెచ్చి యెదురింటి బదులు తీర్చిన యిల్లాలిని "ఆహా, మాట తప్పని మనిషి" యని మెచ్చుకొన్నట్లయినది. మేడాఫ్ తన యితర ఖాతాలలోని సొమ్ము తీసి వీరికిచ్చియుండెను.

పిమ్మట హారీ మార్కోపోలోస్ అనునతడు వచ్చెను. ఇతడు బోస్టనులో ఒక పెట్టుబడి కంపెనీయందు లెక్కలు చూచు నుద్యోగి. మేడాఫ్ అంత నిలుకడగా లాభము లెట్లు తెచ్చుచున్నాడో కనుగొని మనమును అట్లు చేయుదమని యజమానులు కోరగా, ఇతడా లెక్కలను ముందు పెట్టుకొనెను. అయిదు నిమిషములలో సందేహము తోచినదనియు, నాలుగు గంటలలో గణితముచే రుజువైనదనియు తరువాత సాక్ష్యమిచ్చెను. ఆ గణితమంతయు మనకక్కఱలేదు గాని, అందలి ముఖ్యాంశ మొకటి వంటయింటి భాషలోనే చెప్పవచ్చును. ఒక యావకాయ వర్తకుడు తానీ యేడు నూజివీడు కాయతో ఇన్ని వేల జాడీలు పెట్టితినని చెప్పుచున్నాడు. లెక్కవేయగా నూజివీడు తోటలన్నియు గలిపినను అన్ని కాయలు కాయలేదు. ఇక వాని జాడీలను తెఱచి చూడనేల? మేడాఫ్ తాను కొనుచు నమ్ముచున్నట్లు చెప్పిన యొక రకపు ఒప్పందపత్రములు విపణి మొత్తమునందే అన్ని లేవు.

మార్కోపోలోస్ 2000వ సంవత్సరమున దీనిని వ్రాసి బోస్టనులోని కమిషను కార్యాలయమున కిచ్చెను. 2001లో మరల నిచ్చెను. ఆ 2001లోనే రెండు వ్యాపారపత్రికలు మేడాఫ్ లాభములు నమ్మశక్యముగా లేవని వ్యాసములు ప్రకటించెను. 2005లో మార్కోపోలోస్ సుమారు ముప్పది కారణములు వరుసగా చూపుచు, ఇది ప్రపంచమునందెల్ల పెద్ద మోసమని దీర్ఘమైన పత్రము వ్రాసెను. బోస్టనులో నొక యధికారి ఇతని మాట యందు సత్యము కలదని గ్రహించి, వ్యవహారము న్యూయార్కు కార్యాలయమునకు చెందినది గాన నచ్చటికి పంపెను. అచ్చటివారికి ఇతని తీరు నచ్చలేదు. ఇతడు సొమ్ము పోగొట్టుకొన్నవాడు గాడు, మేడాఫ్ యొద్ద పనిచేసినవాడు గాడు, పైగా పోటీ కంపెనీవాడు, బహుమానము నాశించి వచ్చెనేమో యనిరి. చెప్పిన మాట యేమో చూడక చెప్పినవాడెవడో చూచిరి. విదురుడు లక్కయింటి సంగతి గూఢభాషలో సూచించినంతనే ధర్మరాజు గ్రహించెను గనుక ఆ యయిదుగురును బ్రదికిరి. సూచించువాడెంత తెలిసినవాడైనను, ఎదుట వినువాడొకడుండవలెను గదా.

ఇక తనిఖీల సంగతి. 2003లో వేఱొకరు వ్రాసిన ఫిర్యాదుపై వాషింగ్టనులోని కమిషను కార్యాలయమువారు మేడాఫ్ లెక్కలు చూడ నారంభించి, నడుమ వేఱు పని వచ్చుటచే ఆ కట్టను అటకపై పెట్టిరి. అతని లావాదేవీలు నిజమేనా యని వ్యాపారసంఘమువారిని అడుగుటకై యొక యుత్తరము వ్రాసికొనిరి. దానిని పంపలేదు. వచ్చు సమాధానమును పరిశీలించుటకు చాల కాలము పట్టునని యట! 2005లో న్యూయార్కు కార్యాలయమువారు, వేఱొక కంపెనీ యుత్తరములలో దొరకిన సందేహములను బట్టి, తామును తనిఖీకి పోయిరి. వాషింగ్టనువారు ముందే వచ్చి చూచుచున్నారన్న సంగతి న్యూయార్కువారి కెవరు చెప్పిరో యూహింపగలరా? మేడాఫే చెప్పెను! ఒకే సంస్థలోని రెండు కార్యాలయములవారు ఒకే యింటి తలుపు తట్టుచు, ఒకరి సంగతి నింకొకరు ఆ యింటి దొంగ నోట వినవలసి వచ్చినది. అత్తగారు ఒక తాళము, కోడలు ఒక తాళము వేసితి ననుకొని, ఇద్దఱును వేయని కొట్టుగదివలె నున్నదిది.

ఆ తనిఖీలో మేడాఫ్ వారితో స్వయముగా మాటలాడుచుండెను. విపణి పుట్టుక, పెద్దల స్నేహములు, పూర్వకథలు చెప్పుచు మురిపించెను. కాగితములు గట్టిగా నడిగినచో మెడనరము లుబ్బునట్లు కోపించెను. మీరేమి వెదకుచున్నారని గద్దించి, ఖాతాదారులకంటె ముందుగా తన కొఱకు షేర్లు కొనుచున్నానేమోయని గదా మీ యనుమానము అని తానే యందిచ్చెను. వారికి బాగుగ తెలిసిన నేరమదియే. దానినే వెదకిరి, లేదనిరి, పోయిరి. ఖాతాదారుల షేర్లు అసలున్నవా యను ప్రశ్న వారి పట్టికలో లేదు. అతని లావాదేవీలు తమ ద్వారా జరిగినవేనా యని యొక విదేశపు బ్యాంకు నడుగగా, ఆ కాలమున నట్టివేవియు జరుగలేదని జవాబు వచ్చియు, దాని వెంట పోలేదు. కుక్క మొఱిగినను యజమాని నిద్రలేవలేదన్నమాట.

అన్నిటికంటె నాకు వింతగా దోచినది 2006 మే నెలలో జరిగినది. మార్కోపోలోస్ పత్రమును బట్టి ఈమాఱు కమిషనులోని నేరవిచారణ విభాగమువారు మేడాఫ్‌ను పిలిపించి, ప్రమాణము చేయించి ప్రశ్నించిరి. అతడు వకీలు లేకయే వచ్చెను. ఖాతాదారుల షేర్లెచ్చట నున్నవని యడుగగా, డిపాజిటరీ ట్రస్టు కంపెనీలో నున్నవని చెప్పి, ఖాతా సంఖ్యను గూడ నిచ్చెను. ఆ కంపెనీ యనగా, అమెరికాలో ఎవరి షేర్లెన్నో లెక్క నుంచు పెద్ద కోశాగారము. ఒక్క టెలిఫోను చేసినచో అక్కడ నేమియు లేదని తెలిసిపోవును. మేడాఫ్ ఆ సాయంకాలము ఇంటికి పోయి, ఇక నా పని ముగిసినది, సోమవారమునాడు వారడుగుదురు అని యనుకొన్నట్లు తరువాత చెఱసాలలో ఆ తనిఖీ యధికారితో చెప్పెను. సోమవారము వచ్చినది, పోయినది. ఎవరును అడుగలేదు. అతనికే యాశ్చర్యము కలిగినది.

మన యింట పాలవాడు మూడు శేర్లు పోసితినని గోడమీద గీత గీసినచో, ఆ గీతలను మఱల మఱల కూడి చూచి లెక్క సరిపోయినదనుకొను నిల్లాలెవరు? పాలగిన్నె చూచును. గిన్నె పొరుగింట నున్నచో పొరుగింటి కొక కబురు పంపును. ఇది చదువులేని ముసలమ్మకును తెలిసిన నీతి. పెద్ద పెద్ద పరీక్షలు కృతార్థులై వచ్చిన న్యాయవాదులు గీతలనే కూడుచు కూర్చుండిరి. మోసగాడు తాను వ్రాసిన కాగితములతో తన్ను పరీక్షింపనిచ్చుటకు వెనుదీయడు. అవి యెన్ని యడిగిన అన్ని యిచ్చును. మూడవవాని నోట వచ్చు మాటకే యతడు జంకును.

విచారణ తుదకేమైనది? మోసము కనబడలేదనిరి. మేడాఫ్ పెట్టుబడి సలహాదారుగా నమోదు చేసికొనవలెనని మాత్రము చెప్పిరి. 2006లో నతడు నమోదు చేసికొనెను. దానితో నతని కింకొక సర్కారు ముద్ర చేకూరినది. అంతకు ముందునుండియే, సొమ్ము పెట్టువారెవరైన సందేహించినచో, కమిషనువారు మమ్ము తనిఖీ చేసిరి, ఏమియు తప్పు పట్టలేదు అని చెప్పుచుండెను. ఇదియే మన పేరంటపు మాట! అబద్ధము గాదు. వారు వచ్చిన మాట నిజము, చూచిన మాట నిజము, పోయిన మాట నిజము. తనిఖీ జరుగక యుండినచో జనులు తమ కన్నులతోనైన చూచుకొందురేమో. జరిగినందున ఆ చూపును విడిచిరి. చేయని కావలికంటె సగము చేసిన కావలి యెక్కువ నష్టము తెచ్చినది.

అతనిని తుదకు పట్టినది కమిషను గాదు. 2008లో దేశమంతట ధనసంకటము రాగా, ఖాతాదారులు సుమారు 700 కోట్ల డాలర్లు తిరిగి యిమ్మనిరి. ఇచ్చుటకు లేదు. డిసెంబరు 10వ తేదీన నతడు తన కొడుకులిద్దఱికిని ఇదంతయు బూటకమని చెప్పెను. వారు న్యాయవాది ద్వారా ప్రభుత్వమువారికి తెలిపిరి. మఱునాడు పట్టుబడెను. కాగితములపై జనుల పేర నున్నది 6,480 కోట్ల డాలర్లు. వారు చేతినుండి నిజముగ పెట్టి పోగొట్టుకొన్న యసలు 1,700 కోట్లకు పైబడినది. 2009 జూనులో నతనికి 150 ఏండ్ల శిక్ష పడెను. 2021 ఏప్రిలులో చెఱసాలయందే, 82వ యేట మరణించెను.

అధికారులు లంచము తినిరా యని మీరడుగుదురు. నేనును మొదట నదే యనుకొంటిని. కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున అధికారులు రాజధనము నపహరించు నుపాయములు నలువది లెక్కించెను. కాని 477 పుటల నివేదిక వ్రాసినవారు వెదకి వెదకి, లంచము గాని కుట్ర గాని కానరాలేదనిరి. అనుభవము లేనివారిని పంపుట, వారు తెలియని విషయమును తెలిసినవారి నడుగక సిగ్గుపడుట, పెద్దమనిషి యను గౌరవము, రెండు కార్యాలయముల నడుమ మాటలు లేమి, త్వరగా కట్ట కట్టి వేఱు పనికి పోవలెనను తొందర, ఇవియే. కౌటిల్యుని నలువదింటిలో నివి చేరునో చేరవో పండితులు చెప్పుదురు గాక. లంచగొండిని పట్టి తొలగింపవచ్చును. లంచము లేకయే పని చెడినచో ఎవరిని తొలగింతురు? 2011లో కమిషనువారు ఎనిమిదిమంది యుద్యోగులను దండించిరి. ఒక్కరినైనను ఉద్యోగమునుండి తీసివేయలేదు.

సొమ్ము పోయినవారు కొందఱు, కమిషను నిర్లక్ష్యమువలననే మాకీ నష్టము వచ్చినదని ప్రభుత్వముమీద వ్యాజ్యములు వేసిరి. న్యాయస్థానములు వానిని కొట్టివేసినవి. 2013లో పై న్యాయస్థానమును అదే తీర్పిచ్చినది. ఏ వ్యవహారమును ఎంతవఱకు విచారింపవలెనన్నది అధికారుల వివేచనకు విడిచిన పని గాన, దానికై ప్రభుత్వమును బాధ్యునిగ చేయ వీలులేదని దాని సారము. "సర్కారువారు ఊరకుందురా" యను సోదరీమణులు ఈ తీర్పును ప్రత్యేకముగ గమనింపవలెను. ఊరకుండిరి. ఊరకున్నందులకు పూచీ కూడ వహింపలేదు.

స్త్రీల సంఘమొకటి దీనిలో చిక్కుకొన్న విధము చెప్పెదను. హదస్సా యనునది అమెరికాలోని యూదుస్త్రీల సంఘము. జెరూసలేములో పెద్ద యాసుపత్రులు నడుపు గొప్ప సంఘము. వీరు మేడాఫ్ యొద్ద సొమ్ముంచి, లాభము వచ్చుచున్నదని యెప్పటికప్పుడు తీసి ధర్మకార్యములకు వాడుచుండిరి. కూలిన నాడు చూడగా, వారు పెట్టినదానికంటె తీసికొన్నది చాల యెక్కువ. అది లాభము గాదు, వేఱొకరి యసలు! న్యాయస్థానము నియమించిన ధర్మకర్త అట్టివారి నందఱిని తిరిగి యిమ్మని కోరెను. హదస్సావారు 4 కోట్ల 50 లక్షల డాలర్లు తిరిగి యిచ్చుటకు 2010లో సమ్మతించిరి. తీసికొన్న సొమ్ముతో వైద్యము జరిగిపోయినది, దాదులకు జీతములు ముట్టినవి. ఇప్పుడది పరుల సొమ్మని తెలిసిన యా స్త్రీల మనస్సు లెట్లుండునో యూహించుడు. నెలకింత చొప్పున తీసికొని కాలక్షేపము చేసిన ముదుసలులకును తాకీదులు పోయినవి. బొత్తిగా గతిలేనివారిని ధర్మకర్త విడిచిపెట్టెను. నాజీల చెఱనుండి బ్రదికి వచ్చి శాంతి బహుమానమందిన ఎలీ వీసెల్ గారి ధర్మనిధి కోటి యేబది లక్షల డాలర్లకు పైగా పోగొట్టుకొన్నది.

మేడాఫ్ భార్యను గూర్చియు నొక మాట. ఆమెకు తెలియకుండునా యని లోకమంతయు నడిగినది. ఆమెపై నేరారోపణము జరుగలేదు. పెద్దకొడుకు 2010లో, తండ్రి పట్టుబడిన రెండేండ్లకు సరిగా ఆ తేదీననే ప్రాణము తీసికొనెను. చిన్నకొడుకు 2014లో రోగముచే పోయెను. మోసగాని యిల్లాలికి పాలు పంచుకొనుటకు వేఱేమి కావలెను?

ఇంత జరిగినను కొంత మేలు జరిగినదని చెప్పకపోవుట న్యాయము గాదు. ధర్మకర్త వెంటబడి వెంటబడి 1,400 కోట్ల డాలర్లకు పైగా రాబట్టెను. మేడాఫ్ ఖాతా నడచిన పెద్ద బ్యాంకు, అనుమానములున్నను ప్రభుత్వమునకు తెలుపనందులకు 2014లో 170 కోట్ల డాలర్లు చెల్లించినది. ఈ విధముగ వచ్చిన సొమ్ముతో న్యాయశాఖవారు నడిపిన నిధి 2024 డిసెంబరులో తుది పంపకము ముగించినది. 127 దేశములలో 40,930 మందికి 430 కోట్ల డాలర్లు ముట్టినవి. ఇతర మార్గముల వచ్చినది కూడ చేర్చి చూచినచో, వారు పోగొట్టుకొన్న యసలులో నూటికి తొంబదిమూడు పాళ్ళకు పైగా చేతికి వచ్చినట్లు. ఇట్టి మోసములలో నూటికి పది వచ్చుటయే గగనము. అయితే నీ సొమ్ము వచ్చుటకు పదునాఱేండ్లు పట్టినది. డెబ్బదేండ్లకు పోగొట్టుకొన్నామెకు ఎనుబదియాఱవ యేట వచ్చినది, బ్రదికి యున్నచో.

మన దేశమున సంగతి యొకటి చెప్పి విరమించెదను, ఇది కొందఱికైన నుపయోగపడును. షేర్ల లెక్క నుంచు కోశాగారములు మనకును రెండు గలవు. 1996లో నేర్పడిన ఎన్‌ఎస్‌డీఎల్ ఒకటి, 1999లో నేర్పడిన సీడీఎస్‌ఎల్ రెండవది. మీ పేర షేర్లు కొని పెట్టితినని యెవరైన చెప్పినచో, వాని కాగితము చూచి తృప్తిపడవద్దు. ఈ కోశాగారములనుండి నేరుగా మీకు లెక్క వచ్చును, మీరే చూచుకొనవచ్చును. మీ యింట నట్టి లెక్క వచ్చుచున్నదా, అది యెవరి చిరునామాకు, ఎవరి టెలిఫోనునకు పోవుచున్నదో ఈ వారమే మీవారి నడుగుడు. ఆయన కోపించినచో రెండుమాఱు లడుగుడు.

షేర్లు గాక చీట్లు, డిపాజిట్లు మాత్రమే యెఱిగిన యిండ్లు మనలో నెక్కువ. వానికి 1982 నాటి చిట్ ఫండ్సు చట్టము, 2019 నాటి డిపాజిట్ల నిషేధచట్టము వేఱుగ కలవు. చీటీ పాడుకొని సొమ్ము రాక తిరుగుచున్న యొక సోదరి రిజిస్ట్రారు కచేరిలో ఏమి యడుగవలెనని వ్రాసినది. ఆమె యుత్తరమునకు వచ్చు నెల సమాధానము వ్రాసెదను.